గోరుచుట్టు మీద రోకటిపోటుకి కూడా లెక్క ఉందట

నాలుగేళ్ళ కిందట మా ఇంట్లో దొంగలు పడ్డారు. వెనక గది కిటికీ ఊచ వంచి లోపలికి దూరి ల్యాప్‌టాప్, బీరువాలో ఉన్న కొంచెం క్యాష్, నాన్న వాచీ పట్టుకుపోయారు. కంప్లైంట్ ఇచ్చాం. ఒక ఆఫీసర్ వచ్చి అన్నీ చూసి రాసుకుని, వెళ్తూ వెళ్తూ అమ్మ మొహం చూసి జాలిపడి "భయపడకండమ్మా, ఒకసారి పడ్డ ఇంట్లో మళ్ళీ పడరు, నా సర్వీసులో ఎక్కడా చూళ్ళేదు" అన్నాడు. ఆ మాటకి మాకు ఎంత ధైర్యం వచ్చిందంటే ఆ ఊచ సరిచేయించడం కూడా వచ్చే నెల చూద్దాంలే అని వదిలేసాం. సరిగ్గా 19వ రోజు మళ్ళీ పడ్డారు. అదే కిటికీ. ఈసారి కొత్తగా కొన్న ల్యాప్‌టాప్, దాని అట్టపెట్టె కూడా ఇంకా పారేయలేదు మేము, ఛార్జర్‌తో సహా పోయింది.

రెండోసారి కంప్లైంట్ ఇవ్వలేదు. "ఇస్తే ఏమొచ్చింది పోయినసారి" అంది అమ్మ, నేనూ వాదించలేదు. ఈ ఇవ్వకపోవడం గురించి కింద మళ్ళీ చెప్తా, దానికి చాలా కథ ఉంది.

దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు నేను ఆ తర్వాత కూర్చుని నేరాల మీద జరిగిన రీసెర్చ్ చదవడం మొదలెట్టా. నేనేం ఎక్స్‌పర్ట్‌ని కాదు, కోపంతో చదివా అంతే, మా ఇల్లే ఎందుకు, అదీ రెండుసార్లు ఎందుకు అన్న ఒక్క ప్రశ్నకి జవాబు కావాలి నాకు. చదవగా చదవగా తెలిసిందేంటంటే నా ప్రశ్నకి ఒక పేరుంది, దాన్ని రిపీట్ విక్టిమైజేషన్ అంటారు, దాని మీద పనిచేసినవాళ్ళు 1980ల నుంచీ గొంతు చించుకుని చెప్తున్నారు, ఒకసారి దొంగలు పడ్డ ఇంటికి మళ్ళీ దొంగలు పడే ఛాన్స్ మామూలు ఇంటికంటే చాలా ఎక్కువ అని. గోరుచుట్టు మీద రోకటిపోటు అని మన పెద్దాళ్ళు ఊరికే అనలేదు.

ఇందులో అందరూ చెప్పే కథ ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పక్కన రోచ్‌డేల్ అనే ఊరిది. అక్కడ కిర్కోల్ట్ అని ఒక కాలనీ, కౌన్సిల్ కట్టించిన అద్దె ఇళ్ళు, రెండు వేల పైచిలుకు. 1980ల మధ్యలో అక్కడ పరిస్థితి ఎలా ఉండేదంటే ఏడాదిలో దాదాపు ప్రతి నాలుగిళ్ళకి ఒక దొంగతనం. కెన్ పీజ్ అనే క్రిమినాలజిస్టు, ఆయనతో ఇంకొంతమంది వెళ్ళి బాధితులతో మాట్లాడారు, పక్కింటివాళ్ళతో మాట్లాడారు, పట్టుబడ్డ దొంగలతో కూడా కూర్చుని మాట్లాడారు. అప్పుడు తేలింది, ఒకసారి పడ్డ ఇంటికి మళ్ళీ పడే రిస్క్ మిగతా ఇళ్ళకంటే నాలుగు రెట్ల దాకా ఉందని. దాంతో వాళ్ళు కాలనీ మొత్తానికి ఏదో చెయ్యాలని చూడకుండా, దొంగలు పడ్డ ఇంటికి మాత్రం వెంటనే వెళ్ళి తలుపులు కిటికీలు గట్టి చేయించారు, చుట్టూ ఉన్న ఓ అరడజను ఇళ్ళవాళ్ళని కలిపి కొన్నాళ్ళు ఆ ఇంటి మీద కన్నేసి ఉంచమన్నారు. ఇంకో చిన్న పని కూడా చేశారు, నాకు అదే భలే నచ్చింది. ఆ ఇళ్ళల్లో గ్యాసుకీ కరెంటుకీ నాణేలు వేసే మీటర్లు ఉండేవట, అంటే ప్రతి ఇంట్లోనూ గోడకి ఒక డబ్బుల డబ్బా వేలాడుతున్నట్టే లెక్క, ఎవరూ వచ్చి ఎత్తుకెళ్ళకపోతేనే ఆశ్చర్యం. ఆ మీటర్లు తీయించేశారు. మూడేళ్ళలో దొంగతనాలు సగానికి పైగా పడిపోయాయి.

కెనడాలో సస్కటూన్ అనే ఊళ్ళో చూసిన లెక్కల్లో ఇంకో సంగతి బయటపడింది. రెండోసారి పడే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ ఉండేది మొదటి నెలలోనే, ఆ తర్వాత తగ్గుకుంటూ వచ్చి ఓ ఆరు నెలలకి దాదాపు మామూలు స్థాయికి దిగిపోతుంది. మాది 19వ రోజు. "వచ్చే నెల చూద్దాంలే" అనుకున్న ఆ నెలే అన్నిటికంటే ఎక్కువ ప్రమాదం ఉన్న నెల అన్నమాట.

మరి ఎందుకు మళ్ళీ అదే ఇంటికి వస్తారు? దీనికి రెండు రకాల జవాబులున్నాయి, రెండూ నిజమే. ఒకటి, ఆ ఇంట్లోనే ఏదో ఉంది, వెనకవైపు చీకటి, మూలమీద ఇల్లు, పగలంతా ఎవరూ ఉండరు, ఇది ఎవరు చూసినా కనిపిస్తుంది కాబట్టి వేరే వేరే దొంగలు విడివిడిగా అదే ఇల్లు ఎంచుకుంటారు. రెండోది, మొదటిసారి వచ్చినవాడికి ఇప్పుడు ఇల్లు తెలుసు, ఏ గది ఎక్కడుందో తెలుసు, ఏది తీసుకెళ్ళలేకపోయాడో తెలుసు, పోయిన వస్తువు ప్లేసులో కొత్తది వస్తుందని కూడా తెలుసు. మేము చేసింది అదే కదా, వాడి కోసం కొత్త మోడల్ కొని పెట్టాం.

దొంగల వైపు నుంచి చూసిన స్టడీలు చదువుతుంటే ఒక రకంగా ఒళ్ళు జలదరించింది. రిచర్డ్ రైట్, స్కాట్ డెకర్ అని ఇద్దరు అమెరికాలో సెయింట్ లూయిస్‌లో 105 మంది దొంగలతో మాట్లాడి 1994లో పుస్తకం వేశారు. వీళ్ళు జైల్లో ఉన్నవాళ్ళు కాదు, ఇంకా బయట తిరుగుతూ దొంగతనాలు చేస్తున్నవాళ్ళు. ఇది పెద్ద తేడా, ఎందుకంటే జైల్లో దొరికే దొంగ అంటే దొరికిపోయిన దొంగ, వాడి తెలివితేటలు చూసి మొత్తం దొంగల జాతి మీద సిద్ధాంతం కట్టేస్తే ఎలా. వాళ్ళు చెప్పింది వింటే సినిమాల్లో చూపించే మాస్టర్ ప్లాన్ లాంటిదేమీ లేదు. చేతిలో డబ్బులయిపోయాయి, మత్తుకో జల్సాకో ఇప్పుడే కావాలి, ఎప్పుడో చూసి పెట్టుకున్న ఇల్లు గుర్తొచ్చింది, అంతే. చాలామందికి అన్నిటికంటే భయం ఇంట్లో మనిషి ఎదురుపడటమే. లోపలికి వెళ్ళాక మొట్టమొదట వెళ్ళేది పెద్ద బెడ్‌రూమ్‌లోకి, ఎందుకంటే క్యాష్, నగలు అక్కడే పెడతారు జనం, పిల్లల గది జోలికి పెద్దగా పోరు. మనం పరుపు కింద దాచి ఎంతో తెలివైన పని చేశాం అనుకుంటాం, వాడు మొదట చెయ్యిపెట్టే చోట్లలో అదీ ఒకటి.

ఇప్పుడు ఆ ఆఫీసర్ సంగతికి వద్దాం. ఆయన అబద్ధం చెప్పలేదని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. ఆయన సర్వీసు మొత్తంలో నిజంగానే ఒకే ఇంట్లో రెండోసారి దొంగతనం ఆయన కంటపడి ఉండదు, ఎందుకంటే రెండోసారి పడ్డ మాలాంటివాళ్ళు ఆయన దగ్గరికి పోనే లేదు. ఆయన రిజిస్టర్‌లో మా ఇల్లు ఒక్కసారే ఉంది. అంటే మేము నోరు మూసుకోవడం వల్ల ఆయన మాట ఇంకో ఇంట్లో ఇంకో అమ్మకి చెప్పడానికి ఇంకొంచెం నిజం అయింది. ఇది అర్థమైన రోజు నాకు దొంగ మీద కంటే నా మీద కోపం ఎక్కువొచ్చింది.

పోలీసుల లెక్కలోకి రాని ఈ నేరాలని డార్క్ ఫిగర్ అంటారు. ఇది బయటికి తియ్యడానికి ఉన్న పద్ధతి చాలా సింపుల్, ఇంటింటికీ వెళ్ళి "పోయిన ఏడాదిలో మీకు ఏమైనా జరిగిందా" అని జనాన్నే అడగడం. అమెరికాలో 1970ల మొదట్లో పెద్ద ఎత్తున మొదలెట్టారు, బ్రిటన్‌లో మొదటి సర్వే 1982లో. అమెరికా సర్వే ప్రకారం ఈ మధ్య సంవత్సరాల్లో ఆస్తి నేరాల్లో పోలీసుల దాకా వెళ్తున్నవి మూడింట ఒక వంతుకి అటూ ఇటూ. కార్ల దొంగతనాలు మాత్రం ఎక్కువ భాగం రిపోర్ట్ అవుతాయి, ఎందుకో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి కాగితం కావాలి. కాబట్టి "ఫలానా చోట నేరాలు పెరిగాయి" అని వార్త చూసినప్పుడల్లా నాకు ఇప్పుడు ముందు వచ్చే డౌటు పెరిగింది నేరమా, కంప్లైంటా అని. జనానికి నమ్మకం పెరిగి ఎక్కువమంది స్టేషన్ మెట్లెక్కితే కూడా నంబర్ పెరుగుతుంది కదా.

సరే సర్వేలన్నా పక్కాగా ఉంటాయా అంటే వాటిలోనూ ఒక తమాషా జరిగింది. బ్రిటన్ సర్వేలో ఏళ్ళ తరబడి ఒక రూల్ ఉండేది, ఒకే మనిషికి ఒకే రకం నేరం వరసగా ఎన్నిసార్లు జరిగినా ఐదు వరకే లెక్కపెట్టేవాళ్ళు. ఎవరో ఒకరిద్దరు పెద్ద పెద్ద నంబర్లు చెప్తే ఏడాదికీ ఏడాదికీ గ్రాఫ్ ఎగుడుదిగుడుగా వస్తుందని వాళ్ళ బాధ. కానీ ఏడాదిలో ఐదుసార్ల కంటే ఎక్కువ ఒకే మనిషికి ఒకే చేతుల్లో జరిగే నేరం ఏముంటుంది, ఆలోచించండి. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళవి అవి. నలభైసార్లు కొట్టాడని చెప్పినా ఐదు. ఇలా ఐదు దగ్గర హద్దు గీయడం వల్ల లెక్క ఎంత తప్పుతోందో కెన్ పీజ్, గ్రాహమ్ ఫారెల్ చూపించారు, సిల్వియా వాల్బీ అనే ఆవిడ కూడా గట్టిగా పట్టుకుంది, చివరికి ఈ మధ్యే ఆ పద్ధతి మార్చారు. గ్రాఫ్ నున్నగా ఉండాలని మనుషుల్ని కత్తిరించేశారు అన్నమాట.

అసలు నేరాన్ని లెక్కపెట్టాలన్న ఆలోచన ఎక్కడ పుట్టిందా అని వెనక్కి వెళ్తే ఫ్రాన్స్ తగిలింది. 1827లో ఫ్రాన్స్ దేశం మొత్తం కోర్టు కేసుల లెక్కలు అచ్చు వేయడం మొదలెట్టింది. అవి చూసి బెల్జియం వాడు అడాల్ఫ్ కెట్లే, ఆయన అసలు ఖగోళ శాస్త్రం మనిషి, అవాక్కయ్యాడు. ఏటా హత్యలు దాదాపు అన్నే ఉంటున్నాయి, ఆఖరికి ఏ ఆయుధంతో ఎన్ని అన్నది కూడా పెద్దగా మారట్లేదు. ఒక్కో హత్య చూస్తే కోపం, పగ, తాగిన మైకం, ఎవరి కథ వాళ్ళది, అన్నీ కలిపి చూస్తే గ్రహాల్లాగా లెక్క ప్రకారం నడుస్తున్నట్టుంది. మనుషుల్లో నేరం వైపు మొగ్గు వయసుతో పాటు పెరిగి యవ్వనంలో తారస్థాయికి వెళ్ళి తగ్గుతుందని కూడా ఆయన అప్పుడే గమనించాడు, ఇప్పటికీ ఆ గ్రాఫ్ దాదాపు ప్రతి దేశంలో అలాగే ఉంది.

తర్వాత ఇటలీలో లాంబ్రోసో అనే డాక్టరు వచ్చి ఈ బండిని పక్కదారి పట్టించాడు. 1876లో పుస్తకం వేసి నేరస్తుడు పుట్టుకతోనే వేరు, దవడ చూడు, చెవులు చూడు, పుర్రె చూడు అన్నాడు. ఇంగ్లండ్‌లో చార్లెస్ గోరింగ్ అనే జైలు డాక్టరు సుమారు 3,000 మంది ఖైదీల కొలతలు తీసి మామూలు జనంతో పోల్చి 1913లో అలాంటి ప్రత్యేకమైన నేరస్తుడి రూపం ఏమీ లేదు అని తేల్చేశాడు. తేల్చి వందేళ్ళు దాటింది, మనం మాత్రం ఇప్పటికీ "మొహం చూస్తేనే తెలిసిపోతోంది దొంగ మొహం" అంటూనే ఉన్నాం.

అయితే మొహం సంగతి ఎలా ఉన్నా నేరాలు కొద్దిమంది దగ్గర పోగుపడతాయన్నది మాత్రం నిజం. ఫిలడెల్ఫియాలో మార్విన్ వుల్ఫ్‌గ్యాంగ్, ఆయన జట్టు 1945లో పుట్టిన 9,945 మంది మగపిల్లల రికార్డులు పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా చూశారు. అందులో 627 మంది, అంటే ఆరు శాతం చిల్లర, మొత్తం నేరాల్లో సగానికి పైగా వాళ్ళ ఖాతాలోనే ఉన్నాయి. 1972లో ఇది బయటికి రాగానే చాలామందికి ఒకటే ఐడియా, ఆ ఆరు శాతాన్ని ముందే పట్టుకుని లోపల పడేస్తే సగం నేరాలు పోతాయి కదా అని. వినడానికి బాగుంది. చిక్కేంటంటే ఆ ఆరు శాతం ఎవరో వెనక్కి తిరిగి చూసినప్పుడే తెలుస్తుంది. పదేళ్ళ పిల్లాణ్ణి ముందు నిలబెట్టి వీడు ఆ ఆరులో ఒకడు అని చెప్పబోతే తప్పులు బోలెడు వస్తాయి, ఏమీ చెయ్యని పిల్లల మీద ముద్ర పడిపోతుంది.

పైగా ఆ ముద్ర పడ్డవాళ్ళు కూడా అలాగే ఉండిపోరు. దీని మీద నాకు ఇష్టమైన కథ ఒకటుంది. హార్వర్డ్ లా స్కూల్ లైబ్రరీ బేస్‌మెంట్‌లో దుమ్ముకొట్టుకుపోయిన అట్టపెట్టెలు కొన్ని ఉన్నాయి, షెల్డన్, ఎలినార్ గ్లూక్ అనే భార్యాభర్తలు బోస్టన్‌లో 500 మంది నేరాలు చేసిన కుర్రాళ్ళని, 500 మంది చెయ్యని కుర్రాళ్ళని ఏళ్ళ తరబడి వెంటపడి రాసుకున్న కాగితాలు అవి. 1980ల్లో రాబర్ట్ సాంప్సన్, జాన్ లాబ్ అని ఇద్దరు ఆ పెట్టెలు విప్పి మళ్ళీ మొదట్నించీ లెక్క కట్టారు, ఆ తర్వాత అప్పటికి డెబ్బై ఏళ్ళకి దగ్గరపడ్డ ఆ కుర్రాళ్ళని, ఇంకా కుర్రాళ్ళేంటి, తాతయ్యలని వెతుక్కుంటూ వెళ్ళి కొంతమందిని కలిశారు. చిన్నప్పుడు ఎంత ముదురు అయినా దాదాపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు మానేశారు. ఎలా మానేశారంటే నిలబెట్టుకోవాలనిపించే ఉద్యోగం, మంచి పెళ్ళి, సైన్యంలో చేరడం, పాత గ్యాంగ్‌కి దూరంగా వెళ్ళిపోవడం. ఎవరూ ఒక శుభోదయాన జ్ఞానోదయమై మారలేదు, రోజు ఎలా గడుస్తోందో అది మారింది, దాంతో మనిషి మారాడు.

రోజు ఎలా గడుస్తోంది అన్న ఈ మాటే లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ 1979లో ఇంకో వైపు నుంచి చెప్పారు. నేరం జరగాలంటే మూడు ఒకే టైమ్‌లో ఒకే చోట కలవాలి, చెయ్యాలనుకునే మనిషి, చేతికందే టార్గెట్, అడ్డుపడే మనిషి లేకపోవడం. అమెరికాలో 1960ల్లో జనం ఆదాయాలు పెరుగుతుంటే ఇళ్ళల్లో దొంగతనాలు కూడా ఎందుకు పెరిగాయన్నది అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు. వీళ్ళ జవాబు ఏంటంటే ఆడామగా ఇద్దరూ పనికి వెళ్ళడంతో పగలు ఇళ్ళు ఖాళీ అయ్యాయి, టీవీలు లాంటివి చంకలో పెట్టుకుని పోయేంత తేలికయ్యాయి. దొంగల సంఖ్య పెరగక్కర్లేదు, మన జీవితం మారితే చాలు.

చోట్ల విషయం కూడా మనుషుల విషయం లాంటిదే. లారెన్స్ షెర్మన్ వాళ్ళు మినియాపాలిస్ నగరంలో ఒక ఏడాదిలో పోలీసులకి వచ్చిన 3 లక్షల పైచిలుకు ఫోన్లు అడ్రసుల వారీగా పెట్టి చూస్తే సగం ఫోన్లు 3 శాతం అడ్రసుల నుంచే వచ్చాయి. 1989లో వచ్చింది ఈ పేపర్. చెడ్డ ఏరియా అని మనం ముద్ర వేసే ఏరియాలో కూడా చాలా వీధులు ప్రశాంతంగానే ఉంటాయి, ఒక మూల, ఒక బార్ ముందు, ఒక బస్టాప్ అంతే. అలాంటి చోట పోలీసు బండి ఓ పది పదిహేను నిమిషాలు ఆగి వెళ్తే ఆ తర్వాత కూడా కాసేపు గొడవలు తగ్గుతాయి, గంటలకొద్దీ అక్కడే నిలబడితే అదనంగా వచ్చే లాభం పెద్దగా లేదని క్రిస్టఫర్ కోపర్ లెక్క తేల్చాడు. ఇళ్ళ విషయంలో అయితే ఐదు దేశాల్లో పది చోట్ల చూసిన ఒక స్టడీలో, దొంగలు పడ్డ ఇంటికి 200 మీటర్ల లోపు ఉన్న ఇళ్ళకి కూడా కనీసం రెండు వారాలపాటు రిస్క్ పెరిగి ఉంటుందని తేలింది. ఇది చదివాక మా పక్కింటివాళ్ళకి చెప్పా. నాలుగేళ్ళు లేటుగా చెప్తున్నావు అన్నారు.

ఇక్కడ ఎవరికైనా వచ్చే డౌటు, నాకూ వచ్చింది, ఇక్కడ ఆపితే వాడు పక్క వీధికి పోతాడు కదా, మొత్తానికి తగ్గేదేముంది అని. ఒక్కోసారి పోతాడు కూడా. కానీ ఎప్పుడూ పోడు. రాబ్ గెరెట్, కేట్ బవర్స్ 2009లో 102 ప్రాజెక్టుల రిపోర్టులు తీసి చూస్తే నేరం పక్కకి జరిగినట్టు కనిపించింది ఓ పావు వంతు సందర్భాల్లో, దాదాపు అన్నే సందర్భాల్లో చుట్టుపక్కల కూడా ఫ్రీగా తగ్గింది. ఇంకా నమ్మకం కుదరకపోతే పశ్చిమ జర్మనీ హెల్మెట్ కథ వినండి. 1980లో అక్కడ హెల్మెట్ లేకపోతే అక్కడికక్కడే ఫైన్ వెయ్యడం మొదలెట్టారు, తలకాయలు కాపాడటానికి. చూస్తే మోటార్ సైకిళ్ళ దొంగతనాలు ఏడాదికి లక్షన్నర దాకా ఉన్నవి 1986కి యాభై వేల చిల్లరకి దిగిపోయాయి. ఎందుకంటే బండి కనపడగానే బుద్ధి పుట్టి ఎక్కి పోదామనుకునేవాడి చేతిలో హెల్మెట్ ఉండదు, లేకుండా ఎక్కితే మొదటి సిగ్నల్ దగ్గరే పట్టేసుకుంటారు. మరి వాళ్ళంతా కార్లు ఎత్తుకుపోయారా అంటే ఆ స్థాయిలో పెరిగిందేమీ లేదు. అంటే ఆ దొంగల్లో చాలామంది బండి లేకపోతే ఇంకోటి అని పట్టుబట్టలేదు, ఇంటికి నడిచి పోయారు. నాకు ఈ విషయం ఎంత ఊరటగా ఉంటుందో చెప్పలేను.

ఫిలడెల్ఫియాలోనే ఇంకోటి చేశారు, 541 పాడుబడ్డ ఖాళీ స్థలాలని లాటరీ వేసినట్టు విడదీసి కొన్నిట్లో చెత్త తీసి గడ్డి వేసి నాలుగు చెట్లు నాటి చిన్న కంచె కట్టారు, కొన్నిటిని అలాగే వదిలేశారు. పేద కాలనీల్లో శుభ్రం చేసిన స్థలాల చుట్టూ తుపాకీ కాల్పులు 29 శాతం తగ్గాయి. కెమెరాల విషయంలో నలభై ఏళ్ళ స్టడీలన్నీ కలిపి చూస్తే సగటున 13 శాతం తగ్గుదల, అదీ ముఖ్యంగా కార్ పార్కింగుల్లో. గడ్డికి ఇలా, కెమెరాకి అలా. ఎన్నికల స్పీచుల్లో మాత్రం గడ్డి గురించి ఎవరూ మాట్లాడరు.

మంచి మనసుతో చేసే పనులన్నీ పనిచేస్తాయని కూడా అనుకోకూడదు, నాకు బాగా కలత పెట్టింది ఈ భాగమే. 1939లో మసాచుసెట్స్‌లో కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ అనే ఊళ్ళల్లో 506 మంది పిల్లల్ని జతలుగా పెట్టి, జతలో ఒకడికి కౌన్సెలర్, ట్యూషన్, వైద్యం, సమ్మర్ క్యాంప్ అన్నీ ఇచ్చారు, రెండోవాణ్ణి అలా వదిలేశారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత జోన్ మెకార్డ్ వాళ్ళందర్నీ వెతికి పట్టుకుంది. సాయం అందినవాళ్ళలో చాలామంది "మాకు ఎంతో మేలు జరిగింది" అని ప్రేమగా తలుచుకున్నారు. లెక్క చూస్తే వాళ్ళకే తాగుడు సమస్యలు ఎక్కువ, రెండోసారి నేరం చేసింది వాళ్ళే ఎక్కువ, త్వరగా పోయింది కూడా వాళ్ళే ఎక్కువ. అల్లరి పిల్లల్నందర్నీ ఒక్క చోట చేర్చి క్యాంపులకి పంపడం వల్ల ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారేమో అని తర్వాత విశ్లేషణల్లో చెప్పారు. పోల్చడానికి ఆ రెండో సగం పిల్లలు లేకపోతే ఇది ప్రపంచంలోకెల్లా గొప్ప ప్రోగ్రామ్ అని ఇప్పటికీ పాఠాలు చెప్పేవాళ్ళు. పిల్లల్ని జైలుకి తీసుకెళ్ళి ఖైదీల చేత అరిపించి భయపెట్టే ప్రోగ్రాములదీ అదే గతి, న్యూజెర్సీలో 1970ల్లో మొదలై అంతటా పాకింది, పద్ధతిగా చేసిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే ఏమీ చెయ్యకుండా ఇంట్లో కూర్చోబెట్టినవాళ్ళకంటే అలా భయపడి వచ్చిన పిల్లలే ఎక్కువ నేరాలు చేశారు.

ఈ మధ్య అందరూ కంప్యూటర్ చెప్తుంది రేపు నేరం ఎక్కడో అంటున్నారు. నాకు మాత్రం మా ఆఫీసర్ రిజిస్టరే గుర్తొస్తుంది. క్రిస్టియన్ లమ్, విలియం ఐజాక్ 2016లో అమెరికాలోని ఓక్లాండ్ డేటా మీద చూపించారు, డ్రగ్స్ వాడేవాళ్ళు ఊరంతా ఉన్నారని సర్వేల అంచనాలు చెప్తున్నా అరెస్టులు మాత్రం పేద, నల్లజాతి కాలనీల్లోనే ఎక్కువ, ఆ అరెస్టులనే సాఫ్ట్‌వేర్‌కి మేతగా వేస్తే అది మళ్ళీ పోలీసుల్ని అక్కడికే పంపుతుంది, వెళ్తే అక్కడే ఇంకొందరు దొరుకుతారు, అవి మళ్ళీ మేత. నేరం ఎక్కడుందో అది చెప్పట్లేదు, పోలీసులు ఇప్పటిదాకా ఎక్కడ చూశారో చెప్తోంది.

ఎక్కడ చూడట్లేదు అంటే, ఇంట్లో. ఐక్యరాజ్య సమితి డ్రగ్స్, నేరాల విభాగం లెక్క ప్రకారం 2017లో ప్రపంచం మొత్తం మీద హత్యకి గురైన ఆడవాళ్ళు సుమారు 87,000 మంది, అందులో 50,000 మందిని చంపింది భర్తో, ప్రేమించినవాడో, సొంత కుటుంబమో. ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు, ఇక్కడైతే ఈశ్వరుడి దాకా ఎందుకు, సర్వే ఫారమ్ కూడా ఐదు దగ్గర ఆగిపోయింది. మనం ఆడపిల్లలకి చెప్పే జాగ్రత్తలన్నీ చీకటి వీధి గురించీ, తెలియనివాళ్ళ గురించీ.

బాధితుల మీద రీసెర్చ్ కూడా మొదట్లో సవ్యంగా ఏం నడవలేదు. 1940ల్లో హాన్స్ ఫాన్ హెంటిగ్, బెంజమిన్ మెండెల్సన్ లాంటివాళ్ళు బాధితుణ్ణి రకాలుగా విడగొట్టి ఇందులో వీడి వంతు ఎంత అని చూడటం మొదలెట్టారు. 1971లో మెనాకెమ్ అమీర్ అత్యాచారాల మీద వేసిన పుస్తకంలో అదే చూపు, దాని మీద ఆడవాళ్ళు విరుచుకుపడ్డారు, పడాల్సిందే. నేను పైన రాసినవన్నీ కూడా అలా వాడుకోవచ్చు తెలుసా, ఎక్కువ రిస్క్ ఉన్న ఇల్లు అంటే జాగ్రత్త లేని ఇల్లు అని. మొదటిసారి దొంగలు పడ్డప్పుడు మా చుట్టాలొకాయన వచ్చి టీ తాగుతూ "అలా వెనక కిటికీ వదిలేస్తే పడరా మరి" అన్నాడు. ఆయన చెప్పింది తప్పు కాదు, అందుకే ఇప్పటికీ మంట. కిర్కోల్ట్ వాళ్ళు కూడా కిటికీ దగ్గరకే వచ్చారు కానీ వస్తూ వస్తూ వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చారు.

రెండోసారి తర్వాత ఆ వారంలోనే కిటికీకి గ్రిల్ పెట్టించాం, వెనక లైటు పెట్టించాం, ల్యాప్‌టాప్ పోతే పోయింది మళ్ళీ మూడోది కొన్నా. నిన్న రాత్రి రెండింటప్పుడు నిద్రలో చెప్పుల చప్పుడు వినిపించింది. అమ్మ లేచి వెనక గది దాకా వెళ్ళి, గ్రిల్ పట్టుకుని ఒకసారి గట్టిగా లాగి చూసి, "ఒరేయ్ వెనక లైటు వేసే ఉంది కదా" అని నన్నడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళి పడుకుంది.